పడుకున్న జింక దగ్గరికి ఏ వేళప్పుడు వెళ్లాలి

జింకల వేట అనగానే అందరూ తెల్లవారుజాము గురించే మాట్లాడతారు. చీకటితోనే లేవాలి, వెలుతురు వచ్చేసరికి మాటు వేసుకుని కూర్చోవాలి, తొమ్మిది దాటితే ఇంక అడవిలో పనేం లేదు, మళ్లీ సాయంత్రం వస్తే చాలు అంటారు. మేతకి వెళ్లి వచ్చే జింకని దారిలో కాయడానికైతే అది మంచి సలహానే. కానీ పడుకున్న జింకని కనిపెట్టి, దాని దగ్గరిదాకా పాకుతూ వెళ్లి వేటాడాలనుకుంటే మాత్రం ఆ వేళలు పనికిరావు, ఇంకా చెప్పాలంటే చెడగొడతాయి. నా మాట సూటిగా చెప్పేస్తున్నా: తెల్లవారుజాము చూడటానికి, పదిన్నర పదకొండు మొదలు మధ్యాహ్నం రెండున్నర మూడు దాకా దగ్గరికి వెళ్లడానికి. చాలామంది బండి దగ్గరికి తిరిగొచ్చి కునుకు తీసే ఆ గంటలే నాకు రోజు మొత్తంలో ముఖ్యమైనవి.

ఇక్కడ రాసేది ఎక్కువగా ఉత్తర అమెరికా పడమటి కొండల్లో, అంటే కొలరాడో, యూటా, వయోమింగ్ లాంటి చోట్ల తిరిగే మ్యూల్ డీర్ అనే జింక గురించి, మధ్యలో కొంచెం వైట్‌టెయిల్ అనే ఇంకో రకం జింక గురించి. లైసెన్సు, ఆ ఏరియాకి ట్యాగ్ (అక్కడ జింకని కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ), సీజన్ తేదీలు అన్నీ చూసుకుని, నా వరకు ఎక్కువగా విల్లు బాణంతో చేసే వేట ఇది. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం, అందులో రెండో మాట లేదు. అక్కడుండి చదివేవాళ్లకి గాలి గురించి, నీడ గురించి రాసిన భాగం కెమెరాతో వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

జింక ఎందుకు పడుకుంటుందో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో సగం తెలిసినట్టే. అది నెమరేసే జంతువు, కడుపులో నాలుగు అరలుంటాయి. తల దించుకుని మేసే సమయంలో దేనికైనా తేలిగ్గా దొరికిపోతుంది కాబట్టి గబగబా కొరికి మింగేస్తుంది, ఆ తర్వాత తనకి భద్రం అనిపించిన చోట కాళ్లు ముడుచుకుని కూర్చుని తీరిగ్గా నెమరేస్తుంది. అంటే మనం పడుకుంది అనుకుంటున్న జింక నిద్రపోవడం లేదు. కళ్లు మూసినా కొద్దిసేపే, ఆ కొద్దిసేపట్లోనూ చెవులు ఒకటి ఇటు ఒకటి అటు తిరుగుతూనే ఉంటాయి, ముక్కు ఎలాగూ ఆగదు. పైగా నడిచేటప్పటి కంటే పడుకున్నప్పుడే దానికి చుట్టుపక్కల మీద ధ్యాస ఎక్కువ, ఎందుకంటే తన అడుగుల చప్పుడు లేదు, మేత మీద దృష్టి లేదు, చేసే పనల్లా వినడం, వాసన చూడటం. అందుకే పడుకుంది కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకోవడం పెద్ద పొరపాటు.

మరి పడుకున్న జింకతో మనకి లాభం ఏంటి? అది ఒకచోట ఉంది, అంతే. ఎక్కడుందో మనకి తెలుసు, ఎటు చూస్తోందో తెలుసు, దానికి మనం ఉన్నట్టు తెలియదు. ఆ ఒక్క లాభాన్ని చేజార్చుకోకుండా గంటా రెండు గంటలు నిలబెట్టుకోవాలి. అది సాధ్యపడేది రోజులో ఏ వేళప్పుడు అన్నదే ప్రశ్న.

పొద్దున్న ఏం జరుగుతుందో వరసగా చెప్తాను. పొద్దు పొడిచే ముందు నుంచి ఎదురు కొండమీద కూర్చుని బైనాక్యులర్‌తో చూస్తుంటే మేత ముగించుకుని పైకి ఎక్కుతున్న జింకలు కనపడతాయి. ఎండ వాటిమీద పడిన కాసేపటికి అవి పడుకుంటాయి. చాలామంది ఇక్కడే తొందరపడతారు, కొమ్ములున్న పెద్ద మగది పడుకోవడం చూడగానే బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరిపోతారు. కానీ అది పొద్దున్నే వేసే మొదటి పడక, చాలాసార్లు తాత్కాలికం. అప్పటికి ఎండ ఏటవాలుగా ఉంటుంది, ఆ చోట నీడ ఉంటుంది. సూర్యుడు పైకొస్తాడు, నీడ జరుగుతుంది, ఎండ ఒంటిమీద పడగానే జింక లేస్తుంది, ఒళ్లు విరుచుకుంటుంది, మూత్రం పోస్తుంది, దగ్గర్లో ఉన్న ఆకు నాలుగు కొరుకుతుంది, తర్వాత రోజంతా నీడ ఉండే చోటు వెతుక్కుని మళ్లీ పడుకుంటుంది. అది కొన్నిసార్లు పది గజాల దూరం, కొన్నిసార్లు గట్టు దాటి అవతలి వైపు. మీరు ఆ సమయానికి సగం దారిలో ఉంటే మీకు ఆ జింక కనపడదు, మీరు కదులుతుంటే అది మాత్రం మిమ్మల్ని చూస్తుంది.

అందుకని మొదటి పడకని నేను గుర్తుపెట్టుకుంటాను గానీ కదలను. రెండో పడక పడేదాకా కూర్చుంటాను. వేడి ఎక్కువున్న సెప్టెంబర్ మొదటి వారాల్లో అది తొమ్మిదిన్నరకే అవ్వొచ్చు, చల్లటి రోజుల్లో పదకొండూ దాటొచ్చు. కూర్చోవడం కష్టం, ఒప్పుకుంటాను, ఎదురుగా జింక ఉండగా చేతులు కట్టుకుని ఉండటం టెన్షనే. అయినా ఈ ఎదురుచూపే వేటలో సగం.

ఇక అసలు సంగతి, గాలి. కొండ ప్రాంతాల్లో వేళని నిర్ణయించేది గడియారం కాదు, గాలి. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి లోయలోకి జారుతూ ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక అదే గాలి తేలికపడి వాలు వెంబడి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం ఎండ పోగానే మళ్లీ కిందికి. ఇందులో పైకెక్కే గాలి మంచిదే, కిందికి దిగే గాలీ ఫర్వాలేదు, రెండూ ఒక పద్ధతి ప్రకారం నడుస్తాయి. ప్రమాదమంతా ఒకటి ఆగి ఇంకొకటి మొదలయ్యే మధ్య సమయంలో ఉంది. అప్పుడు గాలి ఒక దిక్కంటూ లేకుండా తిరుగుతుంది, ఓ నిమిషం చెంపకి తగులుతుంది, ఓ నిమిషం మెడకి తగులుతుంది. ఇది సరిగ్గా పొద్దున ఎనిమిది, పది మధ్య జరుగుతుంది చాలాచోట్ల. అంటే మొదటి పడక చూసి ఉత్సాహంగా బయల్దేరినవాళ్లు వెళ్లేది రోజంతటిలోకీ అతి చెడ్డ గాలిలో. చప్పుడు వినపడితే జింక ఒకోసారి తల ఎత్తి చూసి ఊరుకుంటుంది. కదలిక కనపడినా రెండోసారి చూసి నిర్ధారించుకోవాలనుకుంటుంది. మనిషి వాసన తగిలితే మాత్రం ఇంకేం చూడదు, లేచి కొండ దాటిపోతుంది.

మధ్యాహ్నానికి ఈ తిరుగుడు తగ్గి పైకెక్కే గాలి నిలకడగా ఉంటుంది, అందుకే ఆ గంటలు. జింక కూడా ఆ గాలిని నమ్ముకునే చోటు ఎంచుకుంటుంది, అది గమనించండి. వాలులో పైనుంచి మూడో వంతు దగ్గర, వీపుకి బండో తుప్పో ఆనించుకుని, కిందికి చూస్తూ పడుకుంటుంది. కిందినుంచి వచ్చేవాటి వాసన గాలి మోసుకొస్తుంది, కళ్లకి కిందంతా కనపడుతుంది. దానికి ధీమా లేని దిక్కు పైదిక్కు ఒకటే. మనం పైనుంచి దిగితే మన వాసన మనకంటే పైకే పోతుంది, దాని ముక్కుకి అందదు. కాబట్టి చుట్టూ తిరిగి, ఎంత దూరమైనా సరే, గట్టు అవతలి వైపునుంచి ఎక్కి దాని పైకి చేరాలి. ఆ చుట్టు తిరగడానికే గంటన్నర పట్టొచ్చు, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. ఆ రోజు ఈ వాలు గాలి కాకుండా మామూలు గాలి బలంగా వీస్తూ, అది గట్టు మీదుగా అవతలినుంచి జింక వైపుకి వస్తుంటే పైనుంచి తిన్నగా దిగకూడదు, మీ వాసన నేరుగా దాని ముక్కుకే. అప్పుడు పక్కనుంచి, గాలికి అడ్డంగా రావాలి. తేలిక గాలి ఉన్న రోజున కొండ వేడి నడిపించినట్టు గాలి నడుస్తుంది, బలమైన గాలి ఉన్న రోజున దానిదే పైచేయి. ఏది నడుస్తోందో నోటితో అనుకుంటే సరిపోదు, చూడాలి. వాసనలేని పొడి వేసిన చిన్న పిండే సీసాలు దొరుకుతాయి, చాలామంది అవే వాడతారు. నాకు మిల్క్‌వీడ్ దూది ఇష్టం, అచ్చం జిల్లేడు దూదిలాగే ఉంటుంది, ఒక పింజ వదిలితే వంద గజాల దాకా గాలి ఎటు వంపు తిరుగుతోందో కంటికి కనపడుతుంది. పొడి అయితే మన ముందు రెండు గజాల్లోనే మాయమైపోతుంది, యాభై గజాల అవతల గాలి ఏం చేస్తోందో చెప్పదు, మనకి కావలసింది అదే కదా.

వాలు ఏ దిక్కుకి ఉందో దాన్నిబట్టి ఈ గంటలు మారతాయి, ఈ మాట ఎవరూ అంతగా పట్టించుకోరు. తూర్పు వాలుకి పొద్దున్నే ఎండ తగులుతుంది, అక్కడ పైకెక్కే గాలి త్వరగా మొదలవుతుంది, త్వరగా ఆగిపోతుంది కూడా, ఎందుకంటే మధ్యాహ్నం తిరిగాక ఆ వాలు నీడలోకి వెళ్లిపోతుంది. అలాంటిచోట పదింటికే మొదలుపెట్టి రెండింటికల్లా ముగించాలి. పడమటి వాలు మీద పదకొండున్నర దాకా గాలి కుదుటపడకపోవచ్చు, కానీ నాలుగు దాకా కూడా నిలబడుతుంది. దక్షిణపు వాలు రోజంతా ఎండలో ఉంటుంది, గాలి నమ్మకంగా ఉంటుంది గానీ వేడి రోజుల్లో అక్కడ జింక ఉండదు. ఉత్తరపు వాలు చల్లగా ఉంటుంది, ఎండాకాలంలోనూ సీజన్ మొదట్లోనూ జింకలు అక్కడే ఎక్కువ, కానీ నేల అంతగా వేడెక్కదు కాబట్టి పైకెక్కే గాలి బలహీనం, మీరు అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మబ్బు పట్టిన రోజున ఇదంతా ఆలస్యంగా, నీరసంగా జరుగుతుంది. మంచి ఎండలో పాకుతూ వెళ్తుండగా ఒక పెద్ద మబ్బు సూర్యుడికి అడ్డొచ్చిందంటే నేను ఉన్నచోటే ఆగిపోతాను, ఆ కొద్ది నిమిషాలు గాలి తడబడుతుంది, మబ్బు పోయాక మళ్లీ సర్దుకుంటుంది.

నీడ ఇంకో గడియారం. జింక రెండోసారి పడుకోగానే అది ఉన్న చెట్టునో బండనో బాగా చూసి, నీడ ఎటు జరుగుతుందో అంచనా వేయాలి. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు. జునిపర్ చెట్టుకి పడమటి పక్కన పడుకున్న జింకకి పొద్దున నీడ ఉంటుంది, పన్నెండు దాటాక ఉండదు, అది లేచి తూర్పు పక్కకి తిరగక తప్పదు. ఉత్తరం పక్కన ఎత్తైన బండ కింద దూరిందంటే మాత్రం సాయంత్రం దాకా లేవకపోవచ్చు. మొదటి రకం అయితే అది లేచే వేళకి నేను విల్లుకి అందే దూరంలో ఉండాలని చూస్తాను, రెండో రకం అయితే తొందరే లేదు. ఇంతకంటే పనికొచ్చే లెక్క పడుకున్న జింకల వేటలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. చాలామంది దూరం కొలుస్తారు, గాలి చూస్తారు, నీడ మాత్రం చూడరు.

చప్పుడు విషయంలో మధ్యాహ్నం మంచిదా చెడ్డదా అంటే రెండూ. పొద్దున మంచు తడి ఉంటుంది, గడ్డి మెత్తగా ఉంటుంది, అడుగు వినపడదు. మధ్యాహ్నానికి అంతా ఎండి కాలు పెడితే పటపటమంటుంది. కానీ పొద్దున గాలి నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి చిన్న చప్పుడు కూడా దూరం పోతుంది, మధ్యాహ్నం గాలి పుంజుకుని ఆకులు, గడ్డి అన్నీ కదులుతుంటాయి, ఆ గలగలలో మన చప్పుడు కలిసిపోతుంది. గాలి విసురు వచ్చినప్పుడు అడుగు వేయాలి, ఆగినప్పుడు ఆగాలి. ఆఖరి వంద గజాలు బూట్లు విప్పేసి మందపాటి మేజోళ్లతో నడవడం చాలామంది చేస్తారు, నేనూ చేస్తాను, కాలికింద పుల్ల ఉందో రాయి ఉందో బరువు వేయకముందే తెలుస్తుంది. ముళ్ల చోట్ల, కాక్టస్ ఉన్న చోట్ల అది కుదరదు. గాలి అసలు లేని, నేల పెళపెళలాడే రోజున ఏ వేళైనా మంచి వేళ కాదు, అలాంటప్పుడు దూరంనుంచి చూసి, రేపటికి గుర్తుపెట్టుకోవడమే మేలు. సన్నటి వాన పడి వెలిసిన మధ్యాహ్నం దొరికితే మాత్రం వదలొద్దు. నేల తడి, గాలి తేమగా నిలకడగా, జింకలు కాసేపు లేచి తిరిగి పడుకుంటాయి, అలాంటి రోజు కోసం మిగతా పనులన్నీ పక్కన పెట్టొచ్చు.

చూపు గురించి కూడా ఒక మాట. జింక కళ్లు తలకి పక్కల ఉంటాయి, దాదాపు 300 డిగ్రీల మేర చూడగలదు. ఎరుపు, నారింజ రంగులు దానికి సరిగా కనపడవు, నీలం మాత్రం బాగా కనపడుతుంది, అందుకే నీలి జీన్స్ వేసుకుని వెళ్లకండి, నారింజ రంగు చొక్కా గురించి దిగులు పడకండి. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ రంగు తప్పనిసరి, తలమీద టోపీతో సహా. రంగు కంటే కదలిక, మెరుపు ముఖ్యం. మధ్యాహ్నపు ఎండలో వాచీ అద్దం, బైనాక్యులర్ అద్దం మెరుస్తాయి. ఇంకోటి, పదకొండు దాటాక నేల సెగ వల్ల స్కోప్‌లో దృశ్యం అలలు అలలుగా ఊగుతుంది, కిలోమీటరు దూరంలో పడుకున్న జింకని అప్పుడు కొత్తగా కనిపెట్టడం చాలా కష్టం. పొద్దున్నే చూసి ఉంచుకోవాలని అంత గట్టిగా చెప్పేది ఇందుకే. బయల్దేరే ముందు ఆ చోటు ఫోటో తీసుకోండి, రెండు మూడు ఆనవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఎండిపోయిన మోడు, తెల్లటి బండ, ఇలాంటివి. ఎదురు కొండమీంచి చూసినప్పుడు విడిగా కనపడ్డ బండ, దాని పైకి వెళ్లాక ఇరవై బండల్లో ఒకటైపోతుంది.

సరే, దగ్గరికి చేరారు, ముప్పై నలభై గజాల్లో ఉన్నారు, కొమ్ముల చివర్లు కనపడుతున్నాయి, ఇప్పుడు ఏం చేయాలి? ఏం చేయకూడదు. కూర్చుని అది లేచేదాకా ఆగాలి. పడుకున్న జింకని కొట్టడం నాకు ఇష్టం ఉండదు, విల్లుతో అయితే అసలు ఒప్పుకోను. ఊపిరితిత్తులు, గుండె ఉండే చోటు నేలకి ఆనుకుని, ముడిచిన ముందుకాలి ఎముక వెనక, గడ్డి చాటున ఉంటుంది, నిలబడినప్పుడు ఉన్నంత స్పష్టంగా ఉండదు. గాయపడి పోయిన జింక గంటలకొద్దీ బాధపడి చస్తుంది, దొరక్కపోతే ఆ చావు వృథా. కొందరు రాయి విసిరి, ఈల వేసి లేపమంటారు. అలా లేచింది అదిరిపడి లేస్తుంది, ఒళ్లంతా బిగబట్టుకుని ఉంటుంది, విల్లు చప్పుడుకే కిందికి వంగి పక్కకి దూకుతుంది, బాణం ఎక్కడో తగులుతుంది. తనంతట తాను లేచిన జింక ఒళ్లు విరుచుకుంటుంది, అటు ఇటు చూస్తుంది, ఒక్క నిమిషం తీరిగ్గా నిలబడుతుంది. ఆ నిమిషం కోసం గంట కూర్చోవచ్చు. మధ్యాహ్నం వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం, కూర్చోవడానికి మీ చేతిలో నిలకడైన గాలి ఇంకా రెండు మూడు గంటలు ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకి దగ్గరికి చేరితే ఆ ఓపికకి చోటు లేదు.

ఒంటరి మగ జింక అయితే ఇది చెప్పినంత సాఫీగా జరగొచ్చు. సీజన్ మొదట్లో మగవి నాలుగైదు కలిసి తిరుగుతాయి, అన్నీ ఒక్కో దిక్కుకి చూస్తూ పడుకుంటాయి, మీరు గుర్తుపెట్టుకున్న పెద్దదాని కంటే మీరు చూడని చిన్నదే పట్టిస్తుంది. ఎన్ని పడుకున్నాయో పొద్దున్నే లెక్కపెట్టుకోండి, ఒకటి లెక్క తప్పినా కదలొద్దు.

నెలలు మారితే వేళలూ మారతాయి. సెప్టెంబర్‌లో వేడి వల్ల నీడే సర్వస్వం, జింక ఏం చేస్తుందో ముందే చెప్పొచ్చు, నేను ఇప్పటిదాకా చెప్పిందంతా అప్పటికి బాగా వర్తిస్తుంది. అక్టోబర్‌కల్లా కొమ్ములు గట్టిపడి ఉంటాయి, పెద్దవి దట్టమైన చెట్లలోకి దూరిపోతాయి, దూరంనుంచి పడక కనపడటమే గగనం. నవంబర్‌లో ఎద కాలం వస్తుంది, అప్పుడు మగది ఆడవాటి చుట్టూ తిరుగుతూ కాసేపు పడుకుని కాసేపు లేస్తుంది, దాని పడక మీద లెక్క కట్టడం కుదరదు. ఆడ జింకలు ఎక్కడ పడుకున్నాయో చూసి అక్కడే ఉండటం మంచిది, మగది వాటి దగ్గరికే వస్తుంది, మిట్టమధ్యాహ్నమైనా వస్తుంది. డిసెంబర్ చలిలో అంతా తలకిందులు, నీడ వదిలేసి దక్షిణపు వాలు ఎండలో పడుకుంటాయి, మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు లేచి మేస్తాయి కూడా. మంచు మీద కరిగిన గుంటలాంటి పడక కనపడితే అది ఎంత తాజాగా ఉందో ముట్టుకుని చూడండి. అంచులు పదునుగా, లోపల మెత్తగా ఉంటే ఇప్పుడే లేచినట్టు, గడ్డకట్టి జారుగా ఉంటే పాతది.

వైట్‌టెయిల్ విషయంలో నేను ఈ పద్ధతి చెప్పను. అది తూర్పు రాష్ట్రాల అడవుల్లో, చిత్తడి నేలల్లో, మొక్కజొన్న చేల పక్క పొదల్లో పడుకుంటుంది, దూరంనుంచి చూసే వీలు ఉండదు, పాకుతూ వెళ్తే యాభై అడుగుల దూరంలో ఉన్నా కనపడదు, దాని తెల్ల తోక మాత్రం పారిపోతూ కనపడుతుంది. దాన్ని పడక దగ్గర కాచి పట్టాలి. పెద్ద మగ వైట్‌టెయిల్ పగలంతా పడుకుని, వెలుతురు పోయే ఆఖరి అరగంటలో లేచి, నాలుగడుగులు నడిచి ఆగుతుంది, మేత చోటికి చేరేసరికి చీకటి పడిపోతుంది. చాలా రాష్ట్రాల్లో సూర్యాస్తమయం అయిన అరగంటకి వేట సమయం ముగుస్తుంది, అంటే చేను దగ్గర కూర్చున్నవాళ్లకి అది ఎప్పటికీ దొరకదు. దాని పడకకి వందా వందా యాభై గజాల్లో చెట్టెక్కి కూర్చోవాలి, అక్కడికి మధ్యాహ్నం ఒంటిగంటా రెండు మధ్య, అది నెమరేస్తున్నప్పుడు, గాలి చప్పుడు సాయంతో చేరాలి. సాయంత్రం వెళ్తే లేచే వేళకి మీరు దాని దారిలోనే ఎదురవుతారు. చూశారా, మాటు వేసే వేటలో కూడా అక్కడికి చేరే వేళ మధ్యాహ్నమే.

పున్నమి రోజుల్లో జింకలు రాత్రంతా మేసి మధ్యాహ్నం లేస్తాయని ఒక నమ్మకం ఉంది. చంద్రుణ్ణి చూసి సెలవు పెట్టేవాళ్లు ఉన్నారు. నేను సెలవు పెట్టేది వాతావరణం చూసి, చలిగాలి వచ్చిన రోజో వాన వెలిసిన రోజో చూసుకుని.

మధ్యాహ్నపు వేటకి ఇంకో పెద్ద లాభం బాణం వదిలాక తెలుస్తుంది. సరిగ్గా ఊపిరితిత్తుల్లో తగిలినా అరగంట ఆగి వెతకాలి, కాలేయంలో తగిలిందనిపిస్తే నాలుగు గంటలైనా ఆగాలి, కడుపులో తగిలితే ఎనిమిది పన్నెండు గంటలు కదలకూడదు, ముందే వెళ్తే అది లేచి మైళ్లు పోతుంది. ఆరింటికి కొడితే ఈ ఆగడమంతా రాత్రిలోకి పోతుంది, నెత్తుటి చుక్కలు టార్చి వెలుగులో వెతకాలి, ఈలోగా నక్కల్లాంటి కొయోటీలు చేరతాయి. పన్నెండింటికి కొడితే చేతిలో పగలు ఉంటుంది. అయితే ఎండలో మాంసం త్వరగా పాడవుతుంది, దొరికిన వెంటనే కడుపు శుభ్రం చేసి, తోలు తీసి, బట్ట సంచుల్లో వేసి నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి. కత్తి, సంచులు, తాడు బండిలో వదిలేసి వెళ్లడం కాదు, వీపున ఉండాలి.

ఎప్పుడు ఆపాలో కూడా ముందే అనుకుని వెళ్లాలి. తూర్పు వాలు మీద రెండు, పడమటి వాలు మీద నాలుగు, నాకు హద్దు. ఆ వేళకి ఇంకా వంద గజాల దూరంలో ఉంటే, దూది పింజ ఒక్కసారి కిందికి దిగినా సరే, వచ్చిన దారినే వెనక్కి వచ్చేస్తాను. మనసు ఒప్పుకోదు, ఇంకో యాభై గజాలే కదా అంటుంది. కానీ వాసన తగలని జింక సీజన్ మొదట్లో రేపు కూడా చాలాసార్లు అదే వాలు మీద, అదే రెండు మూడు చెట్ల కింద పడుకుంటుంది. వాసన తగిలింది ఆ కొండనే వదిలేయొచ్చు, మళ్లీ ఎక్కడ కనపడుతుందో చెప్పలేం. వెనక్కి వచ్చాక ఆ రోజు గాలి ఎన్నింటికి పైకి మళ్లింది, ఎన్నింటికి ఆగింది, జింక ఎప్పుడు లేచింది అన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే కొండకి సంబంధించి అలాంటి పేజీలు కొన్ని పోగైతే ఆ కొండకి ఏ వేళ సరైనదో నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తుంది, నేను పైన రాసిన గంటల్ని మీ లెక్కతో దిద్దుకోండి.